పాత కెమెరాకు స్పాంజి వద్దు, ఊలు దారం చాలు

పాలకొల్లులో పాతికేళ్లకు పైగా ఫోటో స్టూడియో నడిపిన మా మామయ్య, దుకాణం మూసేసిన తరవాత తన పెంటాక్స్ కె1000 కెమెరాను నాకు ఇచ్చారు. 1980ల్లో కువైట్‌లో పనిచేసే బంధువు చేత తెప్పించుకున్న కెమెరా అది. ఇంటికి తెచ్చి వెనక తలుపు తెరిచిన రోజున నా చూపుడు వేలికి నల్లని జిగురు అంటుకుంది. తారులాగా సాగింది, సబ్బు పెట్టి కడిగినా వేలిని వదలలేదు, చొక్కా అంచుకు అంటిన మరక నేటికీ పోలేదు. గ్రీజు కాబోలు అనుకుని, గుడ్డతో పైపైన తుడిచి, ఒక కలర్ రీలు వేశాను. ఆ మాఘమాసంలో నరసాపురం రేవులో పంటు ఎక్కి, వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లిలో దిగి, భీష్మ ఏకాదశి నాటి రథోత్సవానికి మామయ్య, అత్తయ్యలతో కలిసి అంతర్వేది వెళ్లాను. ముప్ఫై ఆరు ఫోటోల రీలు పూర్తి కావడానికి నాకు ఐదు వారాలు పట్టింది. కడిగించి తెచ్చుకుంటే పదకొండు ఫోటోల మీద నారింజ రంగు చారలు పడి ఉన్నాయి. వాటిలో ఒకటి రథం ముందు నిలబడిన అత్తయ్య ముఖం మీదుగా పోయింది.

ఆ జిగురు గ్రీజు కాదనీ, కెమెరాలోకి వెలుగు చొరబడకుండా ఆపవలసిన స్పాంజి కుళ్లి అలా తయారైందనీ తెలుసుకోవడానికి నాకు ఆ రీలు ఖర్చయింది. గోదావరి జిల్లాల్లో ఉంటూ పాత ఫిల్మ్ కెమెరాలు వాడుతున్న వాళ్లకు నేను చెప్పదలచుకున్న మాట ఇది: మొదటి రీలు వేయకముందే ఆ స్పాంజిని పూర్తిగా తీసివేయాలి, తీసిన చోట, లైట్ సీలు పేరుతో అమ్మే కొత్త స్పాంజిని మళ్లీ అతికించకూడదు. నల్లని ఊలు దారం, కాస్త వెల్వెట్ గుడ్డ ఆ పనికి సరిపోతాయి. ఈ మాటలో మొదటి సగాన్ని కెమెరాలు సేకరించేవారిలో కొందరు, రెండో సగాన్ని మెకానిక్కులలో చాలామంది ఒప్పుకోరు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

కె1000 వంటి కెమెరాల్లో వెనక తలుపు పై అంచు, కింది అంచు కెమెరా ఒంటికి ఉన్న సన్నని గాడుల్లోకి దిగుతాయి. అగ్గిపుల్ల పట్టీ పట్టనంత వెడల్పు గల ఆ గాడి అడుగున నల్లని స్పాంజి పట్టీ ఉంటుంది. తలుపు బందు దగ్గర ఇంకొంచెం వెడల్పైన పట్టీ, ఫోటో తీసేటప్పుడు లోపలి అద్దం పైకి లేచి తగిలే చోట మరొక చిన్న ముక్క ఉంటాయి. వెనక తలుపు దగ్గర వెలుగును ఆపే పనిలో పెద్ద వాటా నిజానికి స్పాంజిది కాదు, గాడిది. వెలుగు తిన్నగా పోయేది కనుక, గాడిలోకి దిగిన తలుపు అంచును దాటాలంటే అది గోడలకు తగులుతూ మలుపులు తిరగాలి. తగిలిన ప్రతిసారీ నల్లరంగు పూసిన గోడ దానిలో చాలా భాగాన్ని మింగేస్తుంది. అలా తగిలి తగిలి మిగిలిన కొద్దిపాటి వెలుగును పీల్చుకోవడానికి మాత్రమే గాడిలో మెత్తగా, నల్లగా, నిగనిగలాడకుండా ఉండే పదార్థం ఏదో ఒకటి కావాలి. అది స్పాంజే అయి తీరాలన్న నియమమేదీ ఆ పనిలో లేదు.

1970, 80 దశకాల జపాన్ కెమెరాల్లో ఈ పనికి విరివిగా వాడింది పాలీయురెథేన్ స్పాంజి. దీనిలో ఎస్టర్ రకానికి తేమ పడదు. గాలిలోని నీటి ఆవిరి దాని అణువుల గొలుసును లింకు లింకుగా తెంపుతుంది. దీనినే జలవిశ్లేషణ అంటారు. తెగిన చోట పుట్టే ఆమ్లం మిగిలిన లింకులు తెగడాన్ని మరింత వేగిరపరుస్తుంది కనుక, ఒకసారి మొదలైన చెరుపు ఆగదు, కెమెరాను వాడినా వాడకపోయినా సాగుతూనే ఉంటుంది. స్పాంజి మొదట జిగురవుతుంది, తరవాత ఎండి పొడి అవుతుంది. పెళ్లికి వేసుకుందామని బీరువాలో భద్రంగా దాచిన బూట్లు, కొన్నేళ్ల తరవాత తీసి నాలుగడుగులు వేసేసరికి అడుగు భాగం అటుకుల్లా రాలిపోవడం మనలో చాలామంది చూసిందే. ఆ అడుగు కూడా పాలీయురెథేనే, ఆ జబ్బూ ఇదే.

ఇక మన ప్రాంతం సంగతి చెప్పనక్కరలేదు. ఒక పక్క సముద్రం, మరో పక్క 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి పొలాలను తడుపుతూ వచ్చిన కాలవలు, వాటి మధ్య మన ఇళ్లు. ఆషాఢం మొదలుకొని కార్తీకం దాకా జాడీలో ఉప్పు నీరుకారుతుంది, వేయించిన అప్పడం గంటకే మెత్తబడుతుంది, బీరువాలోని పట్టుచీరెలకు బూజు వాసన పడుతుంది. మామయ్య తన స్టూడియోలో లెన్సులు పెట్టే బీరువాలో ఒక జీరో బల్బు రాత్రింబవళ్లు వెలిగించి ఉంచేవారు. లెన్సులకు బూజు పట్టకుండా అని ఆయన ఉద్దేశం; ఆ వెచ్చదనం స్పాంజిని కూడా కొన్నాళ్లు కాపాడి ఉంటుంది. స్టూడియో మూతపడ్డాక బల్బూ ఆరిపోయింది. స్పాంజి చెడింది ఎక్కువగా ఆ తరవాతి ఏళ్లలోనేనని నా అనుమానం.

నా పాడైన ఫోటోలు చూసి మామయ్య నొచ్చుకున్నారు గానీ, తన చేతిలో ఉన్నంత కాలం ఆ కెమెరా ఒక్క పెళ్లిలోనూ ఇలా చేయలేదని గట్టిగా చెప్పారు. ఆయన మాటను నేను నమ్మాను. అయినా ఆ పాత రోజుల్లోనే స్పాంజి కొంత చెడి ఉండవచ్చునని కూడా అనుకున్నాను. ఈ రెండింటికీ పొత్తు ఎలా కుదురుతుందో ఒక చిన్న లెక్క చెబుతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో 400 వేగం గల ఫిల్మ్‌కు, లెన్సు ద్వారం ఎఫ్16 దగ్గర పెడితే, సుమారు 1/500 సెకను వెలుగు చాలు. గంటకు 3,600 సెకన్లు. అంటే తలుపు సందులోంచి చొరబడే వెలుగుకు, లెన్సులోంచి వచ్చే వెలుగుతో పోలిస్తే, ఒక్క గంటలోనే 18 లక్షల రెట్ల వ్యవధి దొరుకుతుంది. లెన్సు వెలుగులో 18 లక్షలో వంతు లోపలికి వచ్చినా, గంట తిరిగేసరికి అది ఫిల్మ్ మీద పూర్తి ఫోటోకు సమానమైన ముద్ర వేయగలదు. మరీ మసక వెలుగుకు ఫిల్మ్ కాస్త మందకొడిగా స్పందిస్తుంది కాబట్టి ఈ లెక్క కొంత తగ్గుతుంది. అయినా గంటలు కాదు, వారాలు లెక్కలోకి వచ్చినప్పుడు ఆ తగ్గుదల మనల్ని కాపాడదు.

మామయ్య పెళ్లి పందిట్లో రాత్రిపూట, ఫ్లాష్ వెలుగులో, గంటలోపే రీలు ముగించి విప్పేసేవారు. నేను అదే కెమెరాను ఐదు వారాలు మెడలో, స్కూటరు ముందు సంచిలో, కిటికీ గట్టు మీద ఉంచాను. “మా రోజుల్లో రీలు కెమెరాలో కాపురం పెట్టేది కాదురా,” అన్నారు ఆయన. ఫిల్మ్ ఖరీదు పెరిగి, నెలకో రీలు వాడే మన కాలంలో లైట్ సీలు చేయవలసిన పని మామయ్య కాలంలో కంటే ఎన్నో రెట్లు పెరిగింది. పూర్వం ఈ కెమెరా బాగానే పనిచేసింది కదా అన్న వాదన అందుకే నిలవదు.

చార సీలు వల్లనే పడిందని తేల్చుకోవడానికి స్కాన్ చేసిన బొమ్మ చాలదు. నెగిటివ్ చేతికి తెచ్చుకోవాలి. చార ఫోటో చట్రాన్ని దాటి, రీలు అంచున ఉండే రంధ్రాల మీదుగా చివరి దాకా పాకి ఉంటే తప్పు వెనక తలుపుది. చట్రం గీత దగ్గరే ఆగిపోతే తలుపును అనుమానించకుండా, ఫిల్మ్ ముందు తెరుచుకుని మూసుకునే షట్టర్ తెరను చూడాలి. తలుపు సందులోంచి వచ్చిన చార కలర్ ప్రింటులో ఎరుపుగానో నారింజగానో కనిపించడానికీ కారణముంది: ఫిల్మ్ వెనక నుంచి పడే వెలుగుకు మొదట ఎదురయ్యేది అన్నిటికంటే అడుగున ఉండే, ఎరుపు వెలుగును పట్టే పొర.

ఈ చారలను దోషమనడమే తప్పని వాదించేవారు ఇప్పుడు ఉన్నారు. నా ఫోటోలు చూసిన ఒక మిత్రుడు, రథం మీద పడిన నారింజ చారను పాతకాలపు అందమని మెచ్చుకుని, సీలు మార్చవద్దని సలహా ఇచ్చాడు. ఫోను ఫోటోల మీద అలాంటి చారలు కృత్రిమంగా పూసే యాప్‌లు కూడా ఉన్నాయి. నేను అడిగేది ఒక్కటే: మీ ఇంట్లో అమ్మానాన్నల పెళ్లి ఆల్బమ్ ఉంటే తెరిచి, మొదటి పుట నుంచి చివరి పుట దాకా అలాంటి చార ఒక్కటి చూపించండి. నేను మా ఇంటి ఆల్బమ్‌లూ, మామయ్య దగ్గర మిగిలిన నమూనా ప్రింట్లూ తిరగేశాను, ఒక్కటీ దొరకలేదు. వెలుగు తగిలిన ఫోటోను స్టూడియో వాడు ప్రింటు వేసి పెళ్లివారి చేతికి ఇచ్చేవాడు కాదు. ఇస్తే మరుసటి పెళ్లికి పిలుపు వచ్చేది కాదు. పాతకాలం వాళ్లు సిగ్గుపడి చెత్తబుట్టలో వేసిన దానిని పాతకాలపు అందమని పిలవడం చరిత్ర రీత్యా పొరపాటు. నిజంగా ఆ రంగు కావాలనుకునే వారు, తమకు నచ్చిన ఫోటో దగ్గర వెనక తలుపును ఒక్క క్షణం తెరిచి మూయవచ్చు. అప్పుడు ఆ ఎంపిక వారిది అవుతుంది. కుళ్లిన స్పాంజి ఎవరి ముఖాన్ని చెరపాలో మనల్ని అడగదు.

సేకరించేవారి అభ్యంతరం వేరు. కెమెరాలో ప్రతి భాగమూ ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండాలనీ, సీలు తీస్తే దాని అసలుతనం పోతుందనీ వారంటారు. తాతల నాటి లాంతరును దాచుకున్న వాడు వత్తి మార్చడానికి సంకోచించడు. పైగా ఇక్కడ వత్తి ఊరికే పాతబడి కూర్చోలేదు. పొడిగా రాలి షట్టర్ తెర మీదా, వ్యూఫైండర్ తెర మీదా పడుతున్నది. కె1000 బ్యాటరీ లేకున్నా పనిచేసే యంత్రం. బ్యాటరీ కావలసింది వెలుగును కొలిచే మీటరుకు మాత్రమే. 1976 నుంచి 1997 దాకా తయారైన అంతటి గట్టి కెమెరాను నిలిపివేయగలిగే వాటిలో దాని సొంత స్పాంజి ఒకటి. అద్దం దగ్గరి ముక్క జిగురైతే, పైకి లేచిన అద్దం అక్కడే అతుక్కుపోతుంది.

మెకానిక్కుల వాదన దీనికంటే బరువైనది. దానిని నేనూ కొన్నాళ్లు నమ్మాను. అంతర్వేది రీలు పాడైన తరవాత కెమెరాను ఒక పెద్ద నగరంలోని రిపేరు దుకాణానికి పంపించాను. వారు పాత జిగురు గీకి, కొత్త స్పాంజి పట్టీలు చక్కగా అతికించి పంపారు. పనిలో వంక పెట్టడానికి లేదు. నాలుగో వర్షాకాలం వచ్చేసరికి వేలికి మళ్లీ నలుపు అంటింది. ఫోను చేసి అడిగితే, స్పాంజి అన్నాక చెడుతుంది, ఐదారేళ్లకొకసారి మార్చుకోవాలి, ఫ్యాక్టరీ పెట్టింది స్పాంజే కదా అన్నారు. పొడి గాలి ఉన్న ఊళ్లో ఆ జవాబు సరిపోతుందేమో. స్పాంజిలో ఈథర్ రకం తేమకు తట్టుకుంటుంది గానీ గాలికీ వెలుగుకూ చెడుతుంది. అయినా నేను కొన్న పట్టీల పొట్లాల మీద అది ఏ రకమో రాసి లేదు. నియోప్రీన్ వంటి రబ్బరు స్పాంజికి తేమతో ఈ పేచీ లేదు, కానీ అది సులువుగా అణగదు. కాస్త మందమైనా తలుపును బయటికి నెట్టి గడియ మీద బరువు వేస్తుంది.

ఫ్యాక్టరీ పెట్టింది స్పాంజే కదా అన్న వారికి నా జవాబు, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మరొక వస్తువును చూపించడం. 35 మిల్లీమీటర్ల రీలు డబ్బాను చేతిలోకి తీసుకుని, ఫిల్మ్ బయటికి వచ్చే నోటి దగ్గర చూడండి. అక్కడ ఉన్నది స్పాంజి కాదు, నల్లని వెల్వెట్. ఫిల్మ్ దాని మధ్య నుంచి రాసుకుంటూ వస్తున్నా, వెలుగును లోపలి చుట్టల దాకా పోనివ్వదు. ఫిల్మ్ తయారుచేసే వాళ్లే తమ సరుకును గుడ్డకు అప్పగించినప్పుడు, కెమెరా గాడిని దారానికి అప్పగించడానికి మనకు భయమెందుకు? స్పాంజికి ముందు తరం కెమెరాల్లోనూ గాడుల్లో నల్ల ఊలు దారం పరిచే పద్ధతి ఉండేది. అంటే నేను చెబుతున్నది కొత్త ఉపాయం కాదు.

ఊళ్లోని ఫ్యాన్సీ దుకాణాల్లో ఊలు పేరుతో అమ్మేది చాలావరకు ఆక్రిలిక్ దారమే. మన పనికి అదే మేలు, ఎందుకంటే గొర్రె ఊలును కొరికే పురుగు దానిని ముట్టదు, తేమ దానిని జిగురు చేయదు.

దారం పరవడం కంటే పాతది తీయడమే అసలు పని. నాకు ఒక ఆదివారం ఉదయమంతా పట్టింది. గదిలో ఫ్యాను ఆపవలసి వస్తుంది, లేకపోతే నల్లపొడి ఎగిరి ఎక్కడ పడుతుందో తెలియదు; ఫ్యాను లేకుండా మన ఎండాకాలంలో కూర్చోవడం సాధ్యం కాదు కనుక ఈ పనికి మార్గశిర పుష్యాలు మంచివి. షట్టర్ తెర మీద, దానికి తగలకుండా, ఫిల్మ్ పట్టాల మీద ఆనేలా ఒక కాగితం ముక్క కత్తిరించి పెట్టాలి. కె1000 షట్టర్ గుడ్డతో చేసింది. దాని మీద స్పిరిట్ చుక్క పడినా, గోరు తగిలినా నష్టమే. జిగురును గీకడానికి ఇనుప ముక్క వాడితే గాడిలోని నల్లరంగు లేచి మెరిసే లోహం బయటపడుతుంది, అది వెలుగుకు అద్దం పట్టినట్టవుతుంది. నేను కొబ్బరి ఈనెను ఉలిలాగా ఏటవాలుగా చెక్కి వాడాను. ఇంటి చీపురులోంచి లాగిన ఈనెలు ఓ ఇరవై అరిగిపోయాయి.

వీలైనంత జిగురును పొడిగా ఉండగానే గీకేయాలి. తొందరపడి ముందే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తగిలిస్తే మొత్తం సిరాలాగా కరిగి ప్రతి మూలకూ పాకుతుంది. ఈ పొరపాటు నేను చేసి, గంట పని పెంచుకున్నాను. మిగిలిన పలచని పొరకు మాత్రం దూదిని ఆల్కహాల్‌తో తడిపి, పిండి, తుడవాలి. మందుల దుకాణంలో ఆల్కహాల్ అడిగితే కొందరు చేతులకు రాసుకునే శానిటైజర్ ఇస్తారు. దానిలో గ్లిజరిన్ వంటివి కలుపుతారు కనుక అది పనికిరాదు.

దారాన్ని గాడిలో పరవడం దగ్గర నేను ఈనెతోనే తంటాలు పడుతుంటే, అత్తయ్య కాసేపు చూసి నవ్వారు. ఆమె పుట్టిల్లు నరసాపురం దగ్గర పల్లె. చిన్నప్పటి నుంచి లేసు అల్లిన చెయ్యి. “పుల్లతో అలా కుక్కితే ఒక పక్క దిగి ఇంకో పక్క లేస్తుందిరా అబ్బాయ్. సూదితో నొక్కుకుంటూ పోవాలి, దారాన్ని లాగకూడదు,” అని తన లేసు సూది తెచ్చి పై గాడిని తానే పూర్తి చేశారు. ఆ సూది కొన కొక్కెం గుండ్రంగా ఉండి గాడి రంగును గీరదు. దారాన్ని లాగి పరిస్తే సన్నబడి, వదిలాక ముడుచుకుని కొసల్లో ఖాళీ వదులుతుందన్న సంగతి ఆమె చెబితే గాని నాకు తట్టలేదు. కొసల దగ్గర మాత్రం తెల్ల జిగురు ఒక్కొక్క చుక్క పెట్టాను. క్షణంలో అంటుకునే సూపర్ గ్లూ వాడకూడదు. దాని ఆవిరి పక్కనున్న భాగాల మీద తెల్లని పొరలాగా పేరుకుంటుంది. తలుపు బందు దగ్గర దర్జీ దుకాణంలో అడిగి తెచ్చిన నల్ల వెల్వెట్ పట్టీ అతికించాను.

నా వాదనకు లొంగని చోటు ఒకటుంది, దాచను. అద్దం పైకి లేచి తగిలే చోట దారం గానీ వెల్వెట్ గానీ పనికిరాదు. అక్కడ కావలసింది దెబ్బను మెత్తగా అందుకుని మళ్లీ లేచే గుణం. అది స్పాంజికే ఉంది. మందం ఎక్కువైతే అద్దం పూర్తిగా లేవదు. కాబట్టి అక్కడ పలచని స్పాంజి ముక్కే పెట్టాను, మళ్లీ మార్చుకోవలసి వస్తుందని తెలిసే. లెన్సు తీసి, కెమెరా నోరు కిందికి ఉండేలా పట్టుకుని ఆ పని చేయాలి, రాలిన పొడి బయటికే పడుతుంది. అద్దానికి పూత పై ముఖాన ఉంటుంది కనుక దానిని దూదితో కూడా రుద్దకూడదు. ఊలుకు సొంత లోపమూ ఒకటి లేకపోలేదు: నూగు రాలుతుంది. రీలు మార్చిన ప్రతిసారీ మెత్తని కుంచెతో ఒకసారి దులపడం అలవాటు చేసుకున్నాను.

పని ముగిశాక, కరెంటు పోయిన ఒక రాత్రి, తాళాల గుత్తికి ఉండే చిన్న టార్చిని వెలిగించి కెమెరా లోపల పెట్టి, తలుపు మూసి, చీకట్లో నాలుగు అంచులూ తిప్పి చూశాను. ఏమీ కనిపించలేదు. కంటికి ఫిల్మ్‌కు ఉన్నంత ఓపిక లేదు గనుక దానితో సరిపెట్టుకోకుండా, ఒక రీలు వేసి, కెమెరాను ఒక్కో వైపూ అరగంట చొప్పున డాబా మీద ఎండలో పెట్టి, ఆ తరవాత మరో నెల్లాళ్లు వాడి కడిగించాను. నెగిటివ్ అంచుల్లో రంధ్రాల మధ్య కూడా చార లేదు.

ఇది జరిగి మూడేళ్లయింది. మొన్న ఆషాఢంలో ముసురు పట్టినప్పుడు తెరిచి చూస్తే, గాడిలో దారం పొడిగా, పెట్టినప్పటి లాగే ఉంది. వేలికి ఏమీ అంటలేదు. అద్దం దగ్గరి స్పాంజి ముక్క మాత్రం ఒక అంచున మెత్తబడటం మొదలుపెట్టింది. కొత్త ముక్క కోసి డబ్బాలో పెట్టాను. ముసురు తగ్గగానే మార్చాలి.